ఒక డోనట్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

పద్యం ఎంత చిన్నదైతే వ్యాఖ్య అంత పెద్దది కావాలన్నది పండితులు నోరు విప్పి చెప్పకపోయినా నిష్ఠగా పాటిస్తూ వచ్చిన నియమం. మూలంలో లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి తెలుగుదేశపువాడే; మెదక్ సీమలోని నేటి కొల్చారం ఆయన ఊరని ప్రసిద్ధి. ఆ ప్రతిజ్ఞలోని రెండవ సగాన్ని ప్రస్తుత వ్యాఖ్య మొదటి వాక్యంతోనే వదులుకున్నది. మొదటి సగాన్ని కూడా ఎంతో దూరం మోయలేదు, ఎందుకంటే ఇక్కడి మూలంలో కొలతలు లేవు, వేడి ఎంతో లేదు, కాలం ఎంతో లేదు; వాటిని వ్యాఖ్యాత తెచ్చి పెట్టకపోతే పద్యం పద్యంగానే మిగిలిపోయి పొయ్యి మీదికి ఎక్కదు.

వ్యాఖ్యకు విషయం ఇంట్లో నూనెలో వేయించుకునే డోనట్. డోనట్ అనగా మైదాను పాలు, వెన్న, చక్కెర, ఈస్టులతో కలిపి, పొంగనిచ్చి, నడిమికి చిల్లు గల చక్రంగా కోసి, నూనెలో వేయించి, పైన చక్కెర అద్దిన పాశ్చాత్య పిండివంట. వ్యాఖ్యకు దేశం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు పోయే రైలుమార్గంలో ఈ వరుసలోనే వచ్చే ఈ మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలోనివి. నడుమ చిల్లున్న వేపుడు పదార్థం ఉద్దివడ రూపంలో తరతరాలుగా తెలిసి ఉండడం, పులిసిన మైదాతో చేసే బన్ను, రొట్టెలు బెంగళూరు బేకరీల పొరుగున ఉన్నందువల్ల అలవాటు కావడం అనే రెండు కారణాల చేత డోనట్ విచారణకు ఈ సీమ తగినదని నిర్ణయించబడినది. చిల్లూ తెలిసినదే, పులియడమూ తెలిసినదే అయినప్పుడు కొత్తది ఏమిటన్నదే ఈ వ్యాఖ్య తేల్చదలచిన ప్రశ్న.

మూలపద్యం ఈ వ్యాఖ్య కోసమే అల్లబడినది గనుక కావ్యం ముందు పుట్టి వ్యాఖ్య వెనుక పుట్టే లోకరీతి ఇక్కడ తలక్రిందులైనది. మూలమూ వ్యాఖ్యా ఒకే చేతి నుంచి రావడం దోషమని ఆక్షేపించేవారికి సమాధానం ఉంది: తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, ఆయన కూడా తెలుగువాడనే ప్రసిద్ధి, తన గ్రంథానికి దీపిక అనే వ్యాఖ్యను తానే రాసుకున్నాడు. తర్కసంగ్రహంలో చెప్పిన అభావం అనే పదార్థంతో ముందు ముందు పని పడుతుంది.

మూలము

ఆ.వె.
పిండి పులిసి పొంగి పెరిగిన పిమ్మట
నడుమ చిల్లు వెట్టి నయముగాను
కాగినట్టి నూనె గంటెతోఁ ద్రిప్పుచు
వేచి చక్కెరద్ది వేడి వేడి

ప్రతిపదార్థము

పిండి = గోధుమల నుంచి తీసిన మైదాపిండి; పులిసి = ఈస్టు చేత పులిసినదై; పొంగి = లోపల వాయువు నిండగా ఉబ్బినదై; పెరిగిన పిమ్మట = మొదటి పరిమాణానికి రెండింతలైన తరువాత; నడుమ = మధ్యభాగమునందు; చిల్లు వెట్టి = రంధ్రము చేసి; నయముగాను = చేతి బరువు మోపక, మెత్తగా; కాగినట్టి = తగినంత వేడెక్కిన; నూనె = నూనెయందు; గంటెతోన్ = గరిటెతో; త్రిప్పుచు = ఒక వైపు ఎర్రబడగానే రెండవ వైపునకు మార్చుచు; వేచి = వేయించి; చక్కెర + అద్ది = పైభాగమున చక్కెర అంటునట్లు చేసి; వేడి వేడి = వేడివేడిగా. ఇక్కడ సమాపక క్రియ, అంటే వాక్యాన్ని ముగించే క్రియ, లేదు. దాని సంగతి చివర విచారించబడును.

తాత్పర్యము

అర కిలో మైదాలో 60 గ్రాముల చక్కెర, చెంచాడు ఉప్పు, 7 గ్రాముల పొడి ఈస్టు కలిపి, 250 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, ఒక గుడ్డు చేర్చి, గుడ్డు వాడని ఇళ్ళలో దానికి బదులు మూడు పెద్ద చెంచాల పెరుగు చేర్చి, ముద్ద కట్టిన తరువాత 60 గ్రాముల మెత్తని వెన్న పట్టించి, పది నిమిషాలకు తక్కువ కాకుండా మర్దించాలి. తడిబట్ట కప్పి ఉంచిన ముద్ద రెండింతలైన పిమ్మట, పీట మీద పొడిపిండి చల్లి, వేలి మందాన వత్తి, స్టీలు గ్లాసు అంచుతో చక్రాలుగా కోసి, నీళ్ళసీసా మూతతో నడిమి బిళ్ళను తీసివేయాలి. కోసిన చక్రాలను మరి అరగంట నుంచి ముప్పావుగంట వరకు కదల్చక ఉంచి, సుమారు 180 డిగ్రీల సెల్సియస్ వేడి గల నూనెలో ఒక్కొక్క వైపు నిమిషం నుంచి నిమిషమున్నర వరకు వేయించి, నూనె ఓడ్చి, కాస్త వేడి ఉండగానే చక్కెరలో పొర్లించాలి. ఈ కొలతకు చక్రాలు పదిహేనుకు అటూ ఇటూగా వస్తాయి. నాలుగు పాదాల పద్యంలో ఇంత ఉన్నదా అని సందేహించేవారు, లేనందువల్లనే వ్యాఖ్యలు పుట్టినవని గ్రహించాలి.

వ్యాఖ్య

పిండి. ఈ పదంతోనే మొదటి వివాదం మొదలవుతుంది. రాగిసంగటి, జొన్నరొట్టె తిని పెరిగిన సీమలో పిండి అంటే రాగిపిండి అనో జొన్నపిండి అనో అర్థం చేసుకోవడం సహజమనీ, గోధుమ ఇక్కడ వచ్చిన చుట్టమే తప్ప ఇంటి మనిషి కాదనీ పూర్వపక్షం. పూర్వపక్షం అనగా సిద్ధాంతి ఖండించడం కోసం ముందుగా నిలబెట్టే ఎదుటివాది వాదం. దీనికి సమాధానం పద్యంలోనే ఉంది: పిండి పొంగి పెరగాలని చెప్పబడినది, లోపల పుట్టిన వాయువును బయటికి పోనీయక పట్టి ఉంచే గుణం రాగికీ జొన్నకూ లేదు. గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే రెండు మాంసకృత్తులు నీటితో తడిసి, మర్దనతో ఒకదానినొకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే పదార్థంగా మారుతాయి. ధర్మవరం మగ్గం మీద పడుగు, పేక కలిసి బట్ట అయినట్లే ఈ రెండూ కలిసి పిండిలో ఒక వల అవుతాయి. ఆ వలలో వాయువు బుడగలుగా చిక్కుతుంది. ముద్దలోంచి చిన్న ఉండ తీసి వేళ్ళతో నాలుగు దిక్కులా సాగదీసినప్పుడు అది చిరగకుండా, అవతలి వెలుతురు కనబడేంత పలుచని పొర అయితే మర్దన చాలినట్లు. చిరిగితే ఇంకా చాలనట్లు. మర్దనను గురించి పద్యం ఒక్క మాట చెప్పకపోవడం కవి దోషమా, కవి చేతినొప్పి చేత కలిగిన మౌనమా అన్నది తేలలేదు.

పులిసి. దోసెపిండి, ఇడ్లీపిండి రాత్రి రుబ్బి తెల్లవారేదాకా పులియబెట్టే ఇంట్లో పులవడం అంటే ఏమిటో ఎవరికీ నేర్పనక్కరలేదు. అయితే అక్కడ పని ఎక్కువగా బియ్యం, ఉద్దిబేడలతో పాటు వచ్చిన బాక్టీరియాలది. ఇక్కడ పని పొట్లంలోంచి వచ్చిన ఈస్టుది. ఈస్టు అనగా పిండిలోని చక్కెరలను తిని బొగ్గుపులుసు వాయువును, కొంచెం మద్యసారాన్ని విడిచే ఏకకణ శిలీంధ్రం. ఆ మార్పు జీవమున్న ఈస్టు చేసే పనే అని లూయీ పాశ్చర్ 1857లో ప్రకటించాడు. జీవమున్నది గనుక దానికి చలీ వేడీ ఉంటాయి: పాతిక నుంచి ముప్పైయైదు డిగ్రీల మధ్య చురుకుగా ఉంటుంది, అరవై డిగ్రీల దగ్గర చస్తుంది. కాబట్టి పాలు గోరువెచ్చనివి కావాలన్న మాటలో గోరు అనేది అలంకారం కోసం వచ్చినది కాదు. వేలు పెట్టి ఓర్చుకోలేనంత వేడిపాలు పోసినవారి ముద్ద ఎన్ని గంటలు చూసినా ముద్దగానే ఉంటుంది.

వంటసోడాతో, బేకింగ్ పౌడరుతో పిండిని అప్పటికప్పుడు పొంగించి వేయించినా డోనట్ అనరా అని మరొక పూర్వపక్షం. అంటారు, దానికి కేక్ డోనట్ అని వేరే పేరుంది, అది లోపల కేకువలె పొడిపొడిగా విరుగుతుంది. మూలంలో ‘పులిసి’ అని స్పష్టంగా ఉన్నందువల్ల, సోడా పొంగించగలదే గాని పులియజేయలేదు గనుక, ఇక్కడ ఈస్టు డోనటే గ్రాహ్యం.

పిమ్మట. ‘తరువాత’ అని మాత్రమే దీనికి అర్థం. ఎంత తరువాత అన్నది ఊరిని బట్టి ఉంటుంది. హిందూపురం సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైన ఉన్న ఊరు. డిసెంబరు ఉదయాన అక్కడ ముద్ద రెండింతలు కావడానికి రెండు గంటలు పట్టవచ్చు. అంతకంటే దిగువన, మరింత ఎండలో ఉన్న ధర్మవరంలో ఏప్రిల్ మధ్యాహ్నం అదే ముద్ద ముప్పావుగంటలో గిన్నె అంచు దాటుతుంది. అందువల్ల గడియారం చూసి కాక పిండిని చూసి ‘పిమ్మట’ నిర్ణయించాలన్నది వ్యాఖ్యాత మతం. వేలిని పిండిలో ముంచి తీసినప్పుడు గుంట వెంటనే పూడుకుపోతే కాలం కాలేదు. మెల్లగా సగం పూడితే కాలం అయినది. పూడక పిండి మొత్తం కుంగిపోతే కాలం దాటినది. ‘పెరిగిన’ అనే మాట రెండు పెరుగుదలలకూ వర్తిస్తుంది: ముద్దగా ఉన్నప్పుడు ఒకటి, చక్రాలుగా కోసిన తరువాత రెండవది. రెండవ దానిని ఆత్రం కొద్దీ విడిచినవారికి లభించేది వడ కాదు, డోనట్ కాదు, గట్టి మైదా గాజు.

నడుమ చిల్లు. పద్యానికి ఇది ప్రాణం. అమెరికాలో మెయిన్ రాష్ట్రానికి చెందిన హాన్సన్ గ్రెగరీ అనే నావికుడు, 1847లో తనకు పదహారేళ్ళ ప్రాయంలో, ఓడలోని మిరియాల డబ్బా మూతతో డోనట్ నడుమ కోసి చిల్లును కనిపెట్టింది తానేనని ముసలితనంలో చెప్పుకున్నాడు. 1916లో ఒక అమెరికా పత్రిక ఆ మాట ప్రచురించింది. అంతకు ముందటి డోనట్లు సాధారణంగా చిల్లు లేనివే. 1809లో వాషింగ్టన్ ఇర్వింగ్ ఒక కల్పిత చరిత్రకారుడి పేరు పెట్టుకుని హాస్యానికి రాసిన న్యూయార్కు చరిత్రలో డచ్చివారు కొవ్వులో వేయించుకునే తీపి పిండి ఉండలుగానే డోనట్ కనబడుతుంది. పాండిత్యపు వేషం వేసిన గ్రంథంలో కూడా డోనట్‌కు చోటు దొరికిందన్న సంగతి ప్రస్తుత వ్యాఖ్యకు కొంత ధైర్యం ఇస్తున్నది.

గ్రెగరీకి ఎన్నో శతాబ్దాల ముందే ఈ దేశంలో నానబెట్టి రుబ్బిన పప్పుతో వటకాలు వండేవారు. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలోని వంటల్లో వటకం ఉంది. వటకమే వడ. చిల్లు ఎందుకన్న విషయంలో రెండు మతాలున్నాయి. ఆంజనేయస్వామికి వడమాల వేసే ఆచారం ఉన్నందువల్ల దారం గుచ్చడానికే చిల్లు పుట్టిందని ఒక మతం. ఊరూరా ఆంజనేయుడి గుడి ఉన్న సీమలో దీనిని తేలికగా తీసివేయరాదు; కాని మాలకు ఎక్కని వడలకు, హోటలులో సాంబారులో మునిగే వడలకు కూడా చిల్లు ఉంటుంది గనుక ఈ హేతువు అన్ని చోట్లా వర్తించదు. వేడి లోపలికి చేరడానికే చిల్లు అని రెండవ మతం, అదే సిద్ధాంతం. వేడి పిండిలో ప్రవహించే తీరు ఎటువంటిదంటే, లోపలి బిందువు ఉపరితలానికి రెండింతల దూరంలో ఉంటే వేడి అక్కడికి చేరడానికి సుమారు నాలుగింతల కాలం పడుతుంది. చిల్లు లేని ముద్ద నూనెలో ఉబ్బి ఉండ అయినప్పుడు దాని నడిమి బిందువు అంచుకు మూడు సెంటీమీటర్ల దూరంలో ఉంటుందనుకుంటే, అదే పిండి చక్రమైనప్పుడు ఆ దూరం సగమవుతుంది, కాలం నాలుగో వంతుకు దిగుతుంది. చిల్లు లేకపోతే లోపల ఉడికేసరికి పైన మాడిపోతుంది. అలసంద వడను పలుచగా తట్టి వేస్తారు గనుక దానికి చిల్లు అక్కరలేకపోవడమూ, బాదుషాను సన్నని సెగ మీద ఎంతోసేపు వేయిస్తారు గనుక దానికి బొటనవేలి గుంట చాలడమూ ఈ సిద్ధాంతానికే సాక్ష్యాలు.

ఇక చిల్లు అనేది ఏ పదార్థం? తర్కసంగ్రహం లెక్కించిన ఏడు పదార్థాలలో చివరిది అభావం, అంటే లేకపోవడం. లేకపోవడం కూడా ఉన్నదానివలె తెలియబడేదే అని నైయాయికుల, అంటే తార్కికుల, మతం. అభావం నాలుగు విధాలు: పుట్టక ముందటి లేమి ప్రాగభావం, నశించిన తరువాతి లేమి ప్రధ్వంసాభావం, ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం, ఇది అది కాకపోవడం అన్యోన్యాభావం. వడ చిల్లు తడిచేతి బొటనవేలితో పిండిని పక్కకు జరపడం వల్ల ఏర్పడుతుంది. అందులోంచి బయటికి పోయినదేదీ లేదు. డోనట్ చిల్లు అటువంటిది కాదు. అక్కడి పిండి బిళ్ళగా తీయబడి వేరే పళ్ళెంలో ఉన్నది. అది నశించలేదు గనుక ప్రధ్వంసం కాదు; ఒకప్పుడు ఉన్నది గనుక అత్యంతాభావమూ కాదు. నేల మీది కుండను తీసివేసినప్పుడు అక్కడ కలిగే లేమికి కొందరు నైయాయికులు సామయికాభావం అని ఐదవ భేదం ఒప్పుకున్నారు. డోనట్ చిల్లు ఆ కోవకు చెందుతుంది. తీసిన బిళ్ళలను కూడా అదే నూనెలో వేయించి చక్కెరలో దొర్లించి పిల్లలకు ఇస్తే, అభావానికి ప్రతియోగి అయినది, అంటే లేకపోయిన ఆ వస్తువు, నోటిలో దొరుకుతుంది. లేపాక్షి వీరభద్రాలయంలో నేలను పూర్తిగా తాకని స్తంభం కింద పైపంచె దూర్చి చూసే యాత్రికులను ఎరిగిన హిందూపురం వారికి, లేమి కూడా చూడదగినదేనని వేరే చెప్పనక్కరలేదు.

నయముగాను. ఈ మాట ముందున్న ‘చిల్లు వెట్టి’తోనూ అన్వయిస్తుంది, తరువాతి పాదంలోని వేపుడుతోనూ అన్వయిస్తుంది; గడప మీద పెట్టిన దీపం ఇంటికీ వాకిలికీ వెలుగిచ్చే ఈ రీతిని దేహళీదీపన్యాయం అంటారు. పొంగిన చక్రాలను చేత్తో ఎత్తితే వేలిముద్ర పడిన చోట వాయువు పోతుంది. అందుచేత ఒక్కొక్క చక్రాన్నీ చిన్న కాగితపు ముక్క మీద పొంగనిచ్చి, కాగితంతో సహా ఎత్తి, నూనెలోకి జార్చడం మేలు.

కాగినట్టి నూనె. ‘నూనెలో’ అనవలసిన చోట విభక్తి లోపించినది. ఛందస్సు ఇరుకు వల్ల అని గ్రహించాలి. శనక్కాయ పంటకు పేరుబడిన సీమలో నూనె అంటే శనక్కాయ నూనె అని అర్థం రూఢి. శుద్ధి చేసిన శనక్కాయ నూనె 230 డిగ్రీల దాకా పొగ రాకుండా ఓర్చుకుంటుంది. గానుగ నూనె అంతకంటే చాలా ముందే పొగ విడుస్తుంది గనుక దానిని వాడేవారు మంటను కనిపెట్టి ఉండాలి. కావలసిన 180 డిగ్రీలను ఉష్ణమాపకం లేని ఇంట్లో తెలుసుకోవడం ఎట్లా అంటే, మినుపగింజంత పిండిని బాండ్లిలో వేసినప్పుడు అది అడుగుకు పోయి రెండు మూడు క్షణాలలో చుట్టూ బుడగలతో పైకి తేలితే తగిన వేడి. అడుగునే ఉండిపోతే చాలని వేడి. తేలుతూనే ఎర్రబడితే మించిన వేడి. వేడి చాలని నూనె ఎందుకు చెరుపు చేస్తుందో తెలియాలి: తగినంత కాగిన నూనెలో పిండిలోని నీరు ఆవిరై బయటికి తోసుకు వస్తూ నూనెను లోపలికి రానీయదు, పైపొర తొందరగా గట్టిపడుతుంది, చాలీచాలని వేడిలో ఆ తోపు ఉండదు, పైపొర కట్టదు, చక్రం నూనె తాగి బరువెక్కుతుంది. బాండ్లి నుంచి తీసిన తరువాత ఆవిరి చల్లారి వెనక్కి తగ్గేటప్పుడు పైనున్న నూనెను కూడా లోపలికి లాగుకుంటుంది గనుక, తీసిన వెంటనే నూనె ఓడ్చడం రుచికే కాదు, పొదుపుకూ అవసరం. ఒకేసారి బాండ్లి నిండా చక్రాలు వేసేవారు నూనె వేడిని తమ చేతులతోనే దించుతున్నారని గుర్తించాలి.

గంటెతోఁ ద్రిప్పుచు. ‘పుల్లతోఁ ద్రిప్పుచు’ అని మరొక పాఠం కనబడుతుంది. వంటశాస్త్రం ఆ పాఠాన్నే సమర్థిస్తుంది, ఎందుకంటే చిల్లులోకి సన్నని పుల్ల దూర్చి చక్రాన్ని తిరగవేయడం సులభం, గంటె అంచు తగిలితే పొంగు అణగిపోతుంది. గణం విషయంలోనూ అభ్యంతరం లేదు, ‘గంటెతో’, ‘పుల్లతో’ రెండూ రగణాలే. కాని మూడవ పాదం మొదటి అక్షరమైన ‘కా’కు నాలుగవ గణం మొదటి అక్షరంతో యతి కుదరాలి, ‘గం’తో కుదురుతుంది, ‘పు’తో కుదరదు. కాబట్టి పద్యంలో గంటె, బాండ్లిలో పుల్ల అని వ్యవస్థ చేయడమైనది.

వేచి. వేచు ధాతువుకు వేయించడమనీ, ఎదురుచూడడమనీ రెండర్థాలు. ఇక్కడ ప్రకరణబలం చేత మొదటిదే గ్రాహ్యమని తొందరపడే వ్యాఖ్యాతలు అంటారు. కాని, కొత్తది ఏమిటని అవతారికలో వేసిన ప్రశ్నకు జవాబు రెండవ అర్థంలో ఉంది. కలపడం మొదలుకొని పళ్ళెం చేరడం దాకా పట్టే సుమారు మూడు గంటలలో చెయ్యి కదిలేది గంటకు మించదు; మిగిలినదంతా ఎదురుచూడడమే. ఇడ్లీపిండి కోసం ఎదురుచూసే ఇల్లాలు ఆ కాలమంతా నిద్రపోతుంది, అందుచేత అది ఎదురుచూపుగా లెక్కకు రాదు. ఉద్దిపిండి రుబ్బిన వెంటనే వడ అవుతుంది. పట్టపగలు, మేలుకుని ఉండి, పిండి చుట్టూ తిరుగుతూ, రెండు మార్లు ఆగవలసి రావడమే ఈ సీమ వంటింటికి డోనట్ తెచ్చిన కొత్త శిక్షణ. చిల్లు కాదు, పులియడం కాదు, నూనె కాదు.

చక్కెరద్ది. చక్రం మండుతున్నప్పుడు అద్దితే చక్కెర కరిగి తడి అవుతుంది, పూర్తిగా చల్లారాక అద్దితే అంటక రాలుతుంది. చెయ్యి ఓర్చుకునే వేడి ఉన్నప్పుడు అద్దడమే సంప్రదాయం. చక్కెరలో కాసింత దాల్చినచెక్క పొడి కలపడం పడమటి దేశాల ఆచారం. ఏలకుల పొడి కలపడానికి ఈ దేశంలో ఎవరి అనుమతీ అక్కరలేదు.

పాఠాంతర విచారము

పాఠాంతరం అనగా ఒకే మూలానికి వేర్వేరు ప్రతులలో కనబడే మాటల భేదం. కింది మూడు పాఠాలకు తాళపత్రాల ఆధారం లేదు. ఆయా ఊళ్ళ లక్షణాన్ని బట్టి వ్యాఖ్యాత చేసిన విభాగం మాత్రమే.

హిందూపురం పాఠం ‘వేచి బెల్లమద్ది’. చింతపండుకూ, ఎండుమిరపకూ, బెల్లానికీ వర్తకకేంద్రమైన ఊరు చక్కెర దగ్గర ఆగిపోవడం న్యాయం కాదని ఈ పాఠవాదుల వాదం. గణం చెడదు, యతి చెడదు. అయితే బెల్లం గాలిలోని తేమను చక్కెర కంటే తొందరగా పీల్చుకుంటుంది గనుక పొడిగా అద్దితే కొంతసేపటికి జిగటగా మారుతుంది. ముదురు పాకం పట్టి, అందులో చక్రం పైభాగాన్ని మాత్రం ముంచి ఆరబెడితే ఈ పాఠం నిలుస్తుంది.

పెనుకొండ పాఠం ‘నడుమ మెలిక వెట్టి’. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని అయిన ఈ ఊరి పొరుగున, ఎర్రమంచి వద్ద, కొరియా దేశపు కియా కంపెనీ కార్ల కర్మాగారం 2019 డిసెంబరులో ప్రారంభమైనది. దానితో పాటు కొరియా ఉద్యోగులూ, వారి వంటకాలూ ఈ తావుకు వచ్చాయి. కొరియావారి క్వాబేగి పులిసిన పిండిని తాడువలె సాగదీసి, రెండు పేటలు వేసి మెలిపెట్టి, నూనెలో వేయించి, చక్కెర అద్దిన వంట. దానికి చిల్లు లేదు. చిల్లు లేని డోనట్ సిద్ధాంతవిరుద్ధం కదా అంటే, కాదు. పేటలు సన్ననివి గనుక, వాటి నడుమ నూనె పోయే సందు ఉంటుంది గనుక, చిల్లు చేసే పనిని మెలిక చేస్తున్నది. సిద్ధాంతం వేడికి సంబంధించినదే గాని ఆకారానికి సంబంధించినది కాదని దీనివల్ల మరింత దృఢమైనది. ‘మెలిక’ మూడు లఘువులు గనుక సూర్యగణం కూడా సరిపోయినది.

ధర్మవరం పాఠం ‘పిండి పిసికి పొంగి’. పట్టుచీరల ఊరు కాబట్టి, పోగు సరిగా పడనిదే బట్ట లేదన్నది అక్కడ అందరికీ తెలుసు గనుక, మర్దనను మూలం విడిచిపెట్టడం అక్కడివారు సహించరని ఊహ. అర్థానికి ఇది చాలా మేలైన పాఠం. కాని వ్యాకరణం ఒప్పుకోదు: ఒకే వాక్యంలో వరుసగా వచ్చే ‘పిసికి’, ‘పొంగి’ వంటి అసమాపక క్రియలకు కర్త ఒక్కడే కావాలి; పిసికినది వంట చేసే మనిషి అయినప్పుడు పొంగినది కూడా ఆ మనిషే కావలసి వస్తుంది. డోనట్లు తరచుగా చేసుకుని తినే ఇళ్ళలో ఈ అన్వయం కొంతకాలానికి కుదరవచ్చునని కొందరు. అప్పటిదాకా మూలపాఠమే శరణ్యం.

దోషవిచారము

కావ్యానికి వలెనే డోనట్‌కూ దోషాలు చెప్పబడును. నమలలేనంత గట్టిదనం కటుత్వదోషం; మైదా ఎక్కువై, పాలు తక్కువైనందువల్ల పుడుతుంది. పైన నలుపు, లోపల పచ్చి అర్థబాహ్యశబ్దాడంబరదోషం. మించిన వేడి వల్ల కలుగుతుంది. పిండితే నూనె కారడం అతివ్యాప్తిదోషం. చాలని వేడి వల్లగాని, అతిగా పులిసి వల తెగిపోయినందువల్లగాని కలుగుతుంది. గుణం ఒక్కటి చెబితే చాలు: వేగిన చక్రం నడుముకు చుట్టూ తెల్లని వడ్డాణం వంటి గీత కనబడితే, ఆ చక్రం సరిగా పొంగినందువల్ల నూనెలో మునగక తేలిందనీ, ఆ నడిమి భాగానికి నూనె అంతగా తగలలేదనీ అర్థం. ఇది పరీక్షకుడికి కంటితో తెలిసే ప్రమాణం, నాలుక దాకా పోనక్కరలేదు.

క్రియాధ్యాహారము

అధ్యాహారం అనగా మూలంలో లేని మాటను అన్వయం కోసం తెచ్చి చేర్చుకోవడం. ‘వేడి వేడి’ దగ్గర పద్యం ఆగిపోయినది. తరువాత ఏమి చేయాలో చెప్పలేదు. ‘తినవలయును’ అని చేర్చుకోవాలని బహుమతం. అది ఎవరికైనా తోచేదే గనుక వ్యాఖ్యాతకు అందులో గౌరవం లేదు. ‘అమ్మవలయును’ అని కొందరు. ఇంటి వంటను గురించిన పద్యంలో బేకరీ ప్రవేశించరాదు గనుక అది త్యాజ్యం. వ్యాకరణంలో అనువృత్తి అని ఒక పద్ధతి ఉంది: ముందటి సూత్రంలోని పదాన్ని తరువాతి సూత్రానికి కొనితెచ్చుకోవడం. ఆ పద్ధతిని అనుసరించి రెండవ పాదంలోని ‘వెట్టి’ నుంచి ‘పెట్టు’ ధాతువును తెచ్చుకుంటే ‘వేడి వేడి పెట్టవలయును’ అని అన్వయం పూర్తవుతుంది. చిల్లు పెట్టిన చేతికే వడ్డించి పెట్టే పని కూడా సంక్రమిస్తుంది.

ఈ అన్వయానికి లోకప్రమాణమూ ఉంది. అర కిలో పిండికి పదిహేను చక్రాలు, అన్నే బిళ్ళలు వస్తాయి; పులిసిన మైదాతో చేసినది మరునాటికి లోపలి పిండిపదార్థం బిగుసుకుని బిరుసెక్కుతుంది, పైనున్న చక్కెర చెమరుస్తుంది; కాబట్టి ఆ పూటకు ఆ పూట చెల్లిపోవాలి. నలుగురున్న ఇంట్లో అన్నీ చెల్లవు. అందుచేత ‘ఎవరికి’ అనే చతుర్థి కూడా అధ్యాహారం చేసుకోవలసినదే. అది ఇరుగుపొరుగుకు అని శిష్టాచారం వల్ల తెలుస్తున్నది.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని చదివినవారికి పుణ్యం చెప్పబడలేదు. వ్యాఖ్యతో సహా చదివినవారికి ఓపిక ఉన్నదని మాత్రం రుజువు కాగలదు, పిండి పొంగడానికి కావలసినదీ అదే. చేసి పెట్టినవారికి ఫలం ప్రత్యక్షం: పక్కింటివారు గిన్నెను ఖాళీగా తిరిగి పంపరు గనుక, ఒక్క వంట చేసిన ఇంటికి రెండు వంటలు దక్కును.